కటకటాల వెనుక ప్రాణానికి పూచీ ఎవరిది?

చిల్లకల్లు హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీది ఊరు. పగలూ రాత్రీ లారీల మోతే. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. ఈ చుట్టుపక్కల ముస్లిం కుటుంబాల్లో లారీ డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, సిమెంటు ఫ్యాక్టరీల్లో కూలికి వెళ్లేవాళ్లు ఉన్నారు. రోడ్డు మీద బతికేవాడికి పోలీసు స్టేషను ఎప్పుడూ దూరం కాదు. ఒక ప్రమాదం, ఒక తగాదా, గరికపాడు చెక్ పోస్టు దగ్గర లారీలో దొరికిన ఎవరిదో సరుకు... ఏదైనా చాలు. స్టేషను నుంచి కోర్టుకు, కోర్టు నుంచి రిమాండు మీద సబ్ జైలుకు. ఇంట్లోవాళ్ల బతుకు ఆ రోజు నుంచి ములాఖత్ రోజుల లెక్కన నడుస్తుంది.

ఆ మధ్య ఒక సబ్ జైలు గేటు ముందు వేపచెట్టు కింద చిల్లకల్లు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె కనిపించింది. చేతిలో గుడ్డసంచి, అందులో కొడుకు బట్టలు. ఊళ్లో జరిగిన కొట్లాట కేసులో కొడుకు రిమాండులో ఉన్నాడు. ఎదుటి పక్షం వాళ్ల బంధువు ఒకడు వేరే కేసులో అదే జైలులో ఉన్నాడని ఆమెకు తెలిసింది. "కేసు సంగతి అల్లా చూసుకుంటాడు బేటా, వకీలు కూడా ఉన్నాడు. లోపల రాత్రిపూట వాడి మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా చూసేదెవరు?" అని అడిగింది.

చిన్న ప్రశ్నే. కానీ సరిగ్గా ఈ ప్రశ్న మీదే మన రాష్ట్రం నుంచి ఒక కేసు బయలుదేరి, ఇరవై మూడేళ్లు నడిచి, సుప్రీం కోర్టు దాకా వెళ్లి జవాబు తెచ్చింది. మనలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

కోయిలకుంట్ల సబ్ జైలు, ఏడో నంబరు గది

1977 నాటి మాట. కర్నూలు జిల్లా అవుకు పోలీసు స్టేషనులో నమోదైన ఒక క్రిమినల్ కేసులో చల్లా చిన్నప్పరెడ్డి అనే పెద్దాయనను, ఆయన కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డిని ఏప్రిల్ 25న అరెస్టు చేశారు. మరునాడు కోర్టు రిమాండుకు పంపింది. ఇద్దరినీ కోయిలకుంట్ల సబ్ జైలులో ఏడో నంబరు గదిలో పెట్టారు. (కోయిలకుంట్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది.) రాయలసీమ ముఠా తగాదాల కాలం అది. తమ ప్రాణాలకు ముప్పు ఉన్నదని, కాపలా పెంచమని తండ్రీకొడుకులు ముందే అధికారులకు మొర పెట్టుకున్నారు.

మే 5వ తేదీ గడిచి 6వ తేదీ తెల్లవారుజాము, సుమారు మూడున్నర గంటలు. కొందరు జైలు ఆవరణలోకి చొరబడ్డారు. నేరుగా ఏడో నంబరు గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి తీవ్రంగా గాయపడి మరణించాడు. కొడుకు గాయాలతో బయటపడ్డాడు.

ఇంట్లో ఉన్న మనిషి మీదికి శత్రువు వస్తే పరుగెత్తవచ్చు, తలుపు వేసుకోవచ్చు, కేకవేసి పదిమందిని పిలవవచ్చు. జైలు గదిలో ఉన్నవాడు ఏం చేయగలడు? తాళం చెవి అతని దగ్గర లేదు. అతని కాళ్లూ చేతులూ కట్టేసిన ప్రభుత్వమే అతని తరఫున కాళ్లూ చేతులూ కావాలి. రామకృష్ణారెడ్డి, నలుగురు సోదరులు, తల్లి కలిసి ప్రభుత్వం మీద 10 లక్షల రూపాయల నష్టపరిహారానికి వేసిన దావా సారాంశం ఇదే: మీ నిర్లక్ష్యం వల్ల మా ఇంటి పెద్ద పోయాడు.

ప్రభుత్వం రెండు అభ్యంతరాలు లేవదీసింది. మొదటిది కాలపరిమితి. ఇలాంటి దావా ఏడాదిలోపే వేయాలన్నది వాదన. రెండోది అసలైనది. జైళ్లు నడపడం సార్వభౌమాధికార విధి కాబట్టి అందులో తప్పు జరిగినా ప్రభుత్వాన్ని కోర్టుకు ఈడ్చడానికి వీల్లేదన్నారు. రాజు తప్పు చేయడు అనే పాతకాలపు ఆంగ్లేయ సూత్రం నుంచి వచ్చిన వాదన ఇది. దీనికి అండగా సుప్రీం కోర్టు తీర్పు కూడా ఒకటి ఉండేది. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి దగ్గర బంగారం పట్టుకుని మాల్‌ఖానాలో పెడితే, కాపలా ఉన్న హెడ్ కానిస్టేబులే దాన్ని ఎత్తుకుని దేశం దాటిపోయాడు. ఆ వ్యాపార సంస్థ పేరు కస్తూరిలాల్. పోలీసు నిర్లక్ష్యం నిజమే గానీ ప్రభుత్వం పరిహారం ఇవ్వనక్కరలేదని 1964లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. బంగారానికే దిక్కులేనప్పుడు ప్రాణానికి దిక్కెక్కడ అని ఆనాడు ఎవరికైనా అనిపించేది.

కోయిలకుంట్ల దావాను కింది కోర్టు కొట్టివేసింది. కుటుంబం హైకోర్టుకు వెళ్లింది. 1980ల చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ తీర్పును తిరగరాసి 1,44,000 రూపాయలు, దావా వేసిన రోజు నుంచి ఏడాదికి 6 శాతం వడ్డీతో చెల్లించమన్నది. కాలపరిమితి ఒక ఏడాది కాదు, మూడేళ్లని తేల్చింది. ప్రభుత్వం ఊరుకోలేదు, సుప్రీం కోర్టుకు వెళ్లింది. చివరికి 2000 ఏప్రిల్ 26న తీర్పు వచ్చింది. రాసినవారు జస్టిస్ సయ్యద్ సఘీర్ అహ్మద్. అంతకు కొన్నేళ్ల ముందు మన హైకోర్టుకే ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి వెళ్లినవారు.

ఆ తీర్పు చెప్పింది సూటిగా ఉంటుంది. శిక్షపడిన ఖైదీ గానీ, విచారణ ఖైదీ గానీ, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాడు గానీ జైలు గేటు దాటగానే మనిషి కాకుండా పోడు. రాజ్యాంగం ఇరవై ఒకటవ అధికరణం ఇచ్చిన ప్రాణరక్షణ అతని వెంట లోపలికి వస్తుంది. దానికి భంగం కలిగితే సార్వభౌమాధికారం పేరు చెప్పి ప్రభుత్వం తప్పుకోలేదు. కస్తూరిలాల్ తీర్పు ఇలాంటి కేసుల్లో ఇక పనికిరాదు. పరిహారం కట్టవలసిందే.

తండ్రి పోయింది 1977లో, తుది తీర్పు 2000లో. అడిగింది 10 లక్షలు, వచ్చింది లక్షా నలభై నాలుగు వేలు. రామకృష్ణారెడ్డి తర్వాత శాసనసభకు ఎన్నికైన నాయకుడు, 2021 జనవరి 1న కన్నుమూశారు. అంత పలుకుబడి గల కుటుంబానికే ఇంత కాలం పట్టింది. లారీ క్లీనరు ఇంటికి ఎంత పట్టాలి? ఈ మాట ఎవరైనా అడిగితే నా దగ్గర ఓదార్పు లేదు. కానీ వాళ్లు నడిచి వేసిన దారి ఉంది కాబట్టి తర్వాతివాళ్లు మళ్లీ మొదటి నుంచి నడవనక్కరలేదు.

అంతకుముందూ, ఆ తర్వాతా

కోయిలకుంట్ల కంటే ముందే మన విశాఖపట్నం సెంట్రల్ జైలు నుంచి ఒక కేసు సుప్రీం కోర్టుకు వెళ్లింది. జైలు గోడ మీద కరెంటు తీగ పెట్టారని అక్కడి నక్సలైటు ఖైదీలు అభ్యంతరం చెప్పారు. 1974లో వాళ్లు కోరింది దక్కలేదు. కానీ జైలులో ఉన్నంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవన్న మాట ఆ తీర్పులోనే పడింది. 1979లో తీహార్ జైలు నుంచి సునీల్ బాత్రా అనే ఖైదీ, తన తోటి ఖైదీని వార్డరు హింసించాడని న్యాయమూర్తికి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకున్నారు జస్టిస్ కృష్ణయ్యర్. జైళ్లలో ఫిర్యాదు పెట్టెలు ఉండాలని, జిల్లా జడ్జీలు వచ్చి చూడాలని అప్పుడే చెప్పారు. 2017 సెప్టెంబరులో 1,382 జైళ్ల దుస్థితి మీది కేసులో, 2012 నుంచి 2015 వరకు జైళ్లలో అసహజంగా మరణించినవారి కుటుంబాలను గుర్తించి పరిహారం ఇప్పించే పనిని సుప్రీం కోర్టు హైకోర్టుల మీద పెట్టింది.

ఇక్కడ ఒక ముచ్చట. ఖైదీ, ములాఖత్, జామీను, వకాల్తా, ఫిర్యాదు, అర్జీ, నఖలు: తెలుగు కోర్టు గుమాస్తా రోజూ వాడే ఈ మాటలన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. మాటలు మనకు బాగా తెలుసు, వాటి వెనుక ఉన్న హక్కులే తెలియవు.

ఆ హక్కుల భావన కూడా మనకు పరాయిది కాదు. పేదకు, అనాథకు అన్నం పెట్టడంతో పాటు ఖైదీకి అన్నం పెట్టడాన్ని దివ్య ఖుర్ఆన్ పుణ్యాత్ముల లక్షణంగా చెప్పింది. బద్ర్ యుద్ధ ఖైదీలకు రొట్టె పెట్టి సహాబాలు తాము ఖర్జూరాలతో సరిపెట్టుకున్నారని, కట్లు బిగుసుకుని మూలుగుతున్న బందీ గొంతు విని దైవప్రవక్త (స) కు నిద్రపట్టలేదని, కట్లు వదులు చేశాకే కుదుటపడ్డారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. ఖైదీ నిలబడి నమాజు చేసుకోలేనట్టుగా సంకెళ్లు వేయవద్దని ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ తన గవర్నర్లకు రాశారు. హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో ఖైదీల గురించి ప్రత్యేకంగా రాశారు. వాళ్ల తిండికి ఖజానా నుంచి డబ్బు ఇవ్వాలి, చలికాలానికీ ఎండాకాలానికీ వేరువేరు బట్టలు ఇవ్వాలి, గొలుసులతో వీధుల్లో అడుక్కోవడానికి పంపకూడదు, దిక్కులేనివాడు జైలులో చనిపోతే కఫన్, దఫన్ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. పన్నెండు వందల ఏళ్ల నాటి మాటలివి. ఖైదీ ప్రభుత్వపు చేతిలో ఉన్న అమానత్ అన్నమాట.

మన గాయాలు

దేశంలో ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. జనాభాలో తమ వాటా కన్నా జైళ్లలో ముస్లింల వాటా ఎక్కువగా ఉంటున్నదని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలే చూపిస్తున్నాయి. కాబట్టి ఇది మన ఇంటి సంగతి కూడా.

2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకువెళుతున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధం లాక్కోబోతే కాల్చామన్నారు పోలీసులు. చేతులకు బేడీలతో ఉన్న మృతదేహాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. వాళ్ల మీద ఉన్న కేసులు చిన్నవి కావు. అయినా వాటిని తేల్చవలసింది కోర్టు, ఆ రోజు వాళ్లు వెళుతున్నదీ కోర్టుకే. జైలు గోడల మధ్యే కస్టడీ అనుకోకూడదు. వ్యాను, ఆస్పత్రి, కోర్టు వరండా అన్నీ కస్టడీయే.

2023లో మెదక్ పట్టణంలో గొలుసు దొంగతనం అనుమానం మీద పోలీసులు పట్టుకెళ్లిన ఒక ముస్లిం కూలీ, విడిచిపెట్టాక ఫిబ్రవరిలో హైదరాబాదు గాంధీ ఆస్పత్రిలో మరణించాడు. తనను కొట్టారని అతను చెప్పిన వీడియో బయటికి వచ్చింది. తెలంగాణ హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది.

మక్కా మసీదు పేలుడు (2007 మే 18) కేసుల తర్వాత పట్టుకెళ్లిన యువకుల విషయంలో ఇంకో పాఠం ఉంది. కస్టడీలో హింసించారన్న ఆరోపణలను మైనారిటీల కమిషన్ విచారింపజేసింది. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికి వచ్చారు. 2012లో అప్పటి ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, మరో 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం రాదన్నది. చాలామంది నొచ్చుకున్నారు, నొచ్చుకోవడం సహజమే. కానీ కోయిలకుంట్ల కేసును పక్కన పెట్టి చూడండి. ఆ కుటుంబం ప్రభుత్వం దయతలచి ఇస్తే తీసుకోలేదు. కస్టడీలో ఏ తప్పు జరిగిందో, ఎవరి నిర్లక్ష్యమో కోర్టులో రుజువు చేసి రాబట్టుకుంది. దయగా వచ్చినది ఒక జీవోతో వచ్చి ఒక తీర్పుతో పోతుంది. రుజువు చేసి గెలుచుకున్నదాన్ని సుప్రీం కోర్టు కూడా నిలబెట్టింది.

రుజువు ఎక్కడ పుడుతుంది?

రుజువు కాగితం మీద పుడుతుంది. అరెస్టయిన గంట నుంచే మొదలవుతుంది.

అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలి, దాని మీద ఇంటివాడో ఊరి పెద్దో సంతకం చేయాలి, బంధువులకు కబురు చేయాలి. ఇవి 1996లో డి.కె. బసు కేసులో సుప్రీం కోర్టు విధించిన షరతులు. అడిగితే ఒంటి మీద ఉన్న గాయాలు కూడా అప్పుడే రాసి సంతకాలు పెట్టాలి. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి డాక్టరు చూడాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగం మాట. రిమాండు మీద జైలుకు వెళ్లాక మళ్లీ డాక్టరు చూసి గాయాలుంటే రాయాలని 1894 నాటి జైళ్ల చట్టంలోనే ఉంది. ఈ మూడు చోట్లా రాతలు ఉంటే గాయం ఎక్కడ తగిలిందో ఎవరూ దాచలేరు. స్టేషనులో లేని గాయం జైలు గేటు దగ్గర కనబడితే జవాబు చెప్పవలసింది ఎవరో తెలిసిపోతుంది. అందుకే మేజిస్ట్రేటు "ఏమైనా చెప్పుకునేది ఉందా?" అని అడిగినప్పుడు మనవాళ్లు భయపడి తల అడ్డంగా ఊపడం పెద్ద పొరపాటు. ఆ ఒక్క నిమిషం మళ్లీ రాదు.

కస్టడీలో ఉన్నవాడి ఆరోగ్యానికి, భద్రతకు తగిన జాగ్రత్త తీసుకోవడం అతన్ని పట్టి ఉంచినవాడి విధి అని చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 56వ సెక్షను. విచారణ ఖైదీలను శిక్షపడినవాళ్లతో కలిపి ఉంచకూడదన్నది జైళ్ల చట్టం. పద్దెనిమిదేళ్లు నిండనివాడిని అసలు జైలుకే పంపకూడదు, అతని దారి బాలనేరస్తుల బోర్డుకు. బడి సర్టిఫికెట్టు ఇంట్లో ఎక్కడుందో చూసి పెట్టుకోవడం ఎంత ముఖ్యమో ఇప్పుడు అర్థమవుతుంది.

జరగరానిది జరిగి కస్టడీలో మరణం సంభవిస్తే, పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేటు విచారణ కూడా తప్పనిసరి (అదే చట్టం 196వ సెక్షను). చిరునామా తెలిసిన బంధువులకు కబురు చేసి, విచారణలో కూర్చోనివ్వాలి. కస్టడీ మరణాలను 24 గంటల్లో తమకు తెలపాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 డిసెంబరులోనే ఆదేశించింది. పోస్టుమార్టం వీడియో తీయాలని 1995లో చెప్పింది. ఆ దుఃఖంలో మనవాళ్లు తొందరగా మట్టి చేయాలనే ఆలోచిస్తారు. జనాజా ఆలస్యం కాకూడదన్నది నిజమే. కానీ పోస్టుమార్టం అయ్యేదాకా, మేజిస్ట్రేటు వచ్చి చూసేదాకా ఆగడంలో దోషం లేదు. మట్టి కప్పాక రుజువు వెతకడం చాలా కష్టం.

వకీలుకు డబ్బు లేదన్న మాట ఇక్కడ చెల్లదు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చెబుతుంది. 15100 నంబరుకు ఫోను చేసినా, దగ్గరి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీని అడిగినా దారి చూపుతారు.

మళ్లీ ఆ వేపచెట్టు కిందికి వస్తాను. ఆమెకు నేను చెప్పింది ఒక్కటే. "ఖాలా, ఈ భయం గేటు దగ్గర సెంట్రీకి నోటితో చెబితే గాలికి పోతుంది. కాగితం మీద పెట్టండి." కోయిలకుంట్ల తండ్రీకొడుకులు ముందే మొర పెట్టుకున్నారు కాబట్టే, ముప్పు మాకు తెలియదనడానికి ప్రభుత్వానికి వీలు లేకపోయింది. ఆమెకు చదువు రాదు. ఇంటర్ చదివే మనవరాలు రాసింది. ఫలానా కేసులో నా కొడుకు రిమాండులో ఉన్నాడు, ఎదుటి పక్షం మనిషి ఇదే జైలులో ఉన్నాడు, నా కొడుకుకు ప్రాణభయం ఉంది, వేరే బ్యారక్‌లో ఉంచండి లేదా వేరే జైలుకు మార్చండి. కింద తేదీ, వేలిముద్ర. ఒకటి జైలు సూపరింటెండెంటుకు, ఒకటి వకీలు ద్వారా కోర్టుకు. మూడోది నఖలు, దాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర.

తర్వాతి ములాఖత్ నాటికి అబ్బాయిని వేరే బ్యారక్‌కు మార్చారు. ఆమె ఫోను చేసి, "పని అయిపోయింది కదా బేటా, ఈ కాగితం ఇంకా ఉంచుకోవాలా?" అని అడిగింది. కేసు ముగిసేదాకా ఉంచుకోమన్నాను. రేషను కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోనే దాన్ని కూడా పెట్టానని చెప్పింది.